ఘనాకారముల పరిచయము – చేతినుండి లెక్కకు

పాఠశాలలో జ్యామితి బిందువుతో మొదలగును. బిందువు తరువాత రేఖ, రేఖ తరువాత కోణము, ఆ పిమ్మట త్రిభుజము, చతురస్రము, వృత్తము. ఈ వరుసలో కొంతకాలము గడచినగాని ఘనాకారముల పేరు వినబడదు. తర్కమునకు ఈ వరుస చక్కగా సరిపోవును. కాని శిశువు లోకమును తెలిసికొను వరుస ఇది కాదు. పాకులాడు బిడ్డ మొదట పట్టుకొనునది బంతిని, చెంబును, గిన్నెను, అగ్గిపెట్టెను. బిందువును ఎవ్వరును చేతితో పట్టుకొనలేదు. మందము లేని చతురస్రమును ఎవ్వరును చూడలేదు. మనము చతురస్రమని చూపునది ఏదో ఒక పెట్టెకున్న ముఖము. వృత్తమని చూపునది ఏదో ఒక డబ్బా మూతకున్న అంచు. లోకములో ముందున్నది ఘనాకారము. చదునైన ఆకారమును మనస్సు దానినుండి విడదీసికొన్నది.

ఈ సంగతి మరచి, పుస్తకములోని బొమ్మతో ఘనాకారములను బోధించినచో పిల్లలకు రెండు కష్టములు కలుగును. నల్లబల్లమీద గీసిన సమఘనమును చూడుడు. సమఘనమునకు ఆరు ముఖములు, ఆరును చతురస్రములే. కాని బొమ్మలో ముందున్న ముఖము మాత్రమే చతురస్రముగా ఉండును. పైముఖమును, పక్కముఖమును ఏటవాలుగా సాగిన సమాంతర చతుర్భుజములు. పెట్టె ఎరిగిన పిల్లవాడు ఈ ఏటవాలును మనస్సులో సరిచేసికొనును. ఎరుగనివాడు బొమ్మనే నమ్మును. ఇది మొదటి కష్టము. రెండవది ఏమనగా, చెక్క సమఘనమును ఎటునుండి చూచినను ఒక్కసారిగా మూడు ముఖములు, తొమ్మిది అంచులు, ఏడు శీర్షములు మించి కనబడవు. తక్కినవి వెనుక దాగి ఉండును. దాగిన వాటిని చుక్కలగీతలతో చూపుట పెద్దలకు అలవాటైన సంకేతము. ఆ సంకేతమును చదువుటకు ముందు వస్తువును చేతిలో త్రిప్పి చూచి ఉండవలెను. చిత్రము వస్తువునకు గుర్తు. వస్తువు తెలియనివానికి గుర్తుతో పనిలేదు.

ఘనాకారములను సరిగా తెలిసికొనుట పరీక్షలో మార్కులకొరకు మాత్రమే కాదు. మన నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములు ఒకనాటి పాలమూరు జిల్లాలోనివి. నల్లమల అంచున ఉన్న బల్మూరు 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోను, ఆ తరువాత నాగర్‌కర్నూలు జిల్లాలోను చేరినది. వానలు తప్పిన యేండ్లలో ఈ పల్లెలనుండి వేలకొలది కుటుంబములు గుంపు మేస్త్రీల వెంట దూరదేశములకు పోయి, దేశమందలి ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి తవ్వి పోసినవి. ‘పాలమూరు లేబర్’ అను పేరు దేశమంతట వినబడినది. మట్టిపనికి కూలి తవ్విన మట్టి ఘనపరిమాణమునుబట్టి కట్టుట వాడుక. 2006 ఫిబ్రవరిలో ఉపాధిహామీ పథకము మొదటి విడతగా ప్రారంభమైన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పనులలోను గుంత కొలిచియే కూలి లెక్కించిరి. గడ్డపార పట్టిన చేతికి గుంత కొలత తెలియకపోయినచో లెక్క ఎప్పుడును ఇతరుల చేతిలోనే ఉండును. ఈ వ్యాసము చివర అట్టి గుంతనొకదానిని కొలుతము. అక్కడికి చేరుటకు పిల్లవాడు ఎక్కవలసిన మెట్లను ముందు చూతము.

మొదటి మెట్టు: పట్టుట, దొర్లించుట

ఉపాధ్యాయుడు రెండుమూడు చెక్క నమూనాలు తెచ్చి చూపుటకంటె, పిల్లలచేత ఇంటినుండి తలకొక వస్తువు తెప్పించుట మేలు. అగ్గిపెట్టె, సబ్బుపెట్టె, ఇటుక, టార్చిలైటు సెల్లు, నాణెము, గోలీ, బొంగరము, గరాటు, టీ గ్లాసు – ఇవన్నియు ఖర్చు లేని పరికరములు. పేర్లు వెంటనే చెప్పనవసరము లేదు. వాలుగా పెట్టిన పలకమీద ఒక్కొక్కదానిని వదలుమనుడు. ఇటుక జారును గాని దొర్లదు. గోలీ ఎటు వదలినను దొర్లును. సెల్లు ఒకవైపు దొర్లును, నిలువుగా పెట్టిన జారును. కాగితముతో చుట్టిన పొట్లమును బల్లమీద దొర్లించినచో అది నేరుగా పోక, తన కొసచుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చును. ఈ తేడాలను పిల్లలే కనిపెట్టిన తరువాత దీర్ఘఘనము, గోళము, స్థూపము, శంకువు అను పేర్లు చెప్పినచో అవి నాలుకమీద గాక మనస్సులో నిలుచును.

ఇక్కడ రెండు పొరపాటు అభిప్రాయములను తొలగింపవలెను. స్థూపమనగా పొడుగుగా ఉండవలెనని పిల్లలు అనుకొందురు. నాణెము కూడ స్థూపమే. దాని ఎత్తు తక్కువ, అంతే. అట్లే టీ గ్లాసును చూచి స్థూపమందురు. అది పైకి వెడల్పు, అడుగున ఇరుకు. రెండు మూతుల చుట్టుకొలతను దారముతో కొలిచి చూచినచో తేడా తెలియును. అది కొస కోసివేసిన శంకువు. ఈ కొస కోసిన ఆకారముతో మనకు ముందు పని ఉన్నది.

తరగతి వెలుపల చూపదగినవి కూడ ఈ ప్రాంతమున చాల ఉన్నవి. నల్లమల చెంచుల సంప్రదాయ గుడిసెలో గుండ్రని తడికె గోడమీద కొసదేరిన గడ్డికప్పు ఉండును. అనగా పొట్టి స్థూపముమీద శంకువు. 1940లో అమరాబాదు పీఠభూమిపై చెంచులను గూర్చి పరిశోధన జరిపి 1943లో గ్రంథము ప్రకటించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ ఈ గుడిసెలను వర్ణించినాడు. చెంచులు కొండచరియలనుండి దింపు తేనెపట్టులో ఒక్కొక్క గది షట్కోణ పట్టకము. కళ్లములో పోసిన పల్లికాయ రాశి శంకువు. చెరువుకట్టను అడ్డముగా కోసినట్లు ఊహించినచో పైన ఇరుకు, అడుగున వెడల్పుగల సమలంబ చతుర్భుజము కనబడును. కట్ట పొడుగునా అదే ఆకారము సాగును గనుక కట్ట కూడ ఒక పట్టకమే. అడ్డకోత ఎక్కడ చూచినను ఒకే కొలతతో ఉన్న ఘనమే పట్టకమని ఇంతకంటె సులభముగా చెప్పుట కష్టము.

రెండవ మెట్టు: ముఖములు, అంచులు, శీర్షములు

వస్తువును చేతితో తడిమినప్పుడు అరచేతికి తగులునది ముఖము, వ్రేలికి తగులునది అంచు, వ్రేలికొనకు గుచ్చుకొనునది శీర్షము. కండ్లు మూసికొని పెట్టెను తడుముచు ఈ మూటిని లెక్కించుట పిల్లలకు మంచి ఆట.

లెక్క తప్పకుండుటకు మరొక ఉపాయమున్నది. జొన్న సొప్పనుండి తీసిన బెండుతో బండ్లు, కళ్లజోళ్లు చేయుట మన పల్లెపిల్లలకు తెలిసిన విద్యయే. బెండు ముక్కలను శీర్షములుగాను, సమానముగా విరిచిన చీపురుపుల్లలను అంచులుగాను పెట్టి ఘనాకారపు అస్థిపంజరమును కట్టవచ్చును. బెండు దొరకనిచోట తడిమట్టి ఉండలు చాలును. సమఘనమునకు ఎనిమిది ముక్కలు, పన్నెండు పుల్లలు కావలెను. ఒక పుల్ల తగ్గినను ఆకారము పూర్తికాదు గనుక లెక్క దానంతట అదే సరియగును.

ఇట్లు కట్టిన వాటిని వరుసగా పెట్టి లెక్కలు వ్రాయింపుడు.

నాలుగు త్రిభుజములుగల చతుర్ముఖి – ముఖములు 4, శీర్షములు 4, అంచులు 6.
చతురస్రపు అడుగుగల పిరమిడ్ – ముఖములు 5, శీర్షములు 5, అంచులు 8.
త్రిభుజ పట్టకము – ముఖములు 5, శీర్షములు 6, అంచులు 9.
సమఘనము – ముఖములు 6, శీర్షములు 8, అంచులు 12.
షట్కోణ పట్టకము – ముఖములు 8, శీర్షములు 12, అంచులు 18.

ముఖముల సంఖ్యకు శీర్షముల సంఖ్యను కలిపి, దానినుండి అంచుల సంఖ్యను తీసివేసిన ప్రతిసారియు 2 మిగులును. స్విట్జర్లాండులో పుట్టిన గణితజ్ఞుడు ఆయిలరు 1750లో తన మిత్రుడు గోల్డ్‌బాకునకు వ్రాసిన లేఖలో ఈ సంబంధమును తెలిపినాడు. పన్నెండు పంచభుజులు, ఇరువది షడ్భుజులు కలిపి కుట్టిన ఫుట్‌బాలును తీసికొన్నను లెక్క తప్పదు: ముఖములు 32, శీర్షములు 60, అంచులు 90. ఈ సూత్రమును ఉపాధ్యాయుడు ముందుగా చెప్పరాదు. పట్టిక వ్రాసిన పిల్లలలో ఎవరో ఒకరు దానిని తప్పక కనిపెట్టుదురు. ఆ సంతోషమును వారికే విడువవలెను.

అస్థిపంజరములు మరొక పాఠము కూడ చెప్పును. పుల్లల సమఘనమును పక్కనుండి నొక్కినచో ఒరిగిపోవును, చతుర్ముఖి ఒరగదు. చతుర్భుజము భుజముల కొలతలు మారకయే ఒరగగలదు, త్రిభుజము ఒరగలేదు. పొలములమీదుగా పోవు హైటెన్షను తీగల టవర్లలో అడుగడుగున ఏటవాలు కమ్మీలు బిగించుటకు కారణమిదియే.

మూడవ మెట్టు: పెట్టెను విప్పుట

ఖాళీ సబ్బుపెట్టెను అంచులవెంట కత్తిరించి, ముక్కలు విడిపోకుండ నేలమీద పరచుడు. దీనిని ఆ ఘనము వలరూపమందురు. ఘనమునకు ఉపరితల వైశాల్యమనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. పరచిన అట్ట వైశాల్యమే అది. ఆరు దీర్ఘచతురస్రములు కండ్లయెదుటనే ఉన్నవి గదా!

సమఘనమునకు వలరూపము ఒక్కటే కాదు. ఆరు చతురస్రములను అంచులు కలియునట్లు అమర్చు విధములు 35. త్రిప్పినను, బోర్లించినను ఒకటే అగు వాటిని ఒకటిగా లెక్కింపగా వచ్చిన సంఖ్య ఇది. వాటిలో మడచినప్పుడు సమఘనమగునవి 11 మాత్రమే. ఈ పదునొకండింటిని వెదకుట ఒక తరగతికి వారము దినములకు చాలు పని. అట్టను మడచుటకు ముందే ఏ చతురస్రము దేనికి ఎదురుముఖమగునో ఊహింపవలెను. ఘనాకార జ్ఞానమునకు మూలము ఈ ఊహయే.

రేకు డబ్బాకు చుట్టిన కాగితమును విప్పినచో దీర్ఘచతురస్రము వచ్చును. దాని పొడవు డబ్బా చుట్టుకొలత, వెడల్పు డబ్బా ఎత్తు. స్థూపపు వక్రతల వైశాల్యమునకు పుస్తకములో ఇచ్చు సూత్రము ఈ కాగితము వైశాల్యమే. పొట్లమును విప్పిన వృత్తములో ఒక భాగము, విసనకర్రవంటి ఆకారము వచ్చును. బత్తాయి తొక్కను మాత్రము ఎంత జాగ్రత్తగా తీసినను చిరుగక, ముడుతపడక బల్లమీద చదునుగా పరుచుకొనదు. గోళమునకు వలరూపము లేదు. గోళపు ఉపరితలములో ఏ చిన్న భాగమునైనను కొలతలు చెడకుండ చదును చేయుట అసాధ్యమని గౌసు 1827లో నిరూపించినాడు. భూగోళమును ఏ పటములో చూపినను ఎక్కడనో ఒకచోట దూరములు, ఆకారములు మారుట తప్పదనుటకు కారణమిదియే.

నాలుగవ మెట్టు: నీడ, కోత

సెల్లును ఎండలో పట్టుకొని త్రిప్పినచో దాని నీడ ఒకప్పుడు దీర్ఘచతురస్రము, ఒకప్పుడు వృత్తము. ఒకే వస్తువు పైనుండి ఒకవిధముగాను, పక్కనుండి మరొకవిధముగాను కనబడునని దీనివలన తెలియును. మేస్త్రీ చేతిలోని ఇంటి ప్లాను పైనుండి చూచిన రూపమే. పైరూపము, ముందురూపము, పక్కరూపము – ఈ మూడు చూపి వస్తువు ఏదో చెప్పుమని అడుగుట చక్కని అభ్యాసము.

కోత మరికొంత లోతైన పాఠము. తడిమట్టితో ఘనములు చేసి దారముతో కోయవచ్చును. శంకువును అడుగునకు సమాంతరముగా కోసిన వృత్తము, కొంచెము వాలుగా కోసిన దీర్ఘవృత్తము వచ్చును. మట్టి సమఘనపు ఒక మూలను కోసిన త్రిభుజము వచ్చును. అదే సమఘనమును ఎదురెదురు మూలలకు నడుమగా, ఆరు అంచుల మధ్యబిందువులు తగులునట్లు కోసిన క్రమ షడ్భుజి వచ్చును. చతురస్రములే గల వస్తువులో షడ్భుజి దాగియున్నదని చూచిన పిల్లవాడు ఆ ఘనమును ఇక మరువడు.

ఐదవ మెట్టు: సగము కాదు, మూడవ వంతు

ఒకే వెడల్పు, ఒకే ఎత్తుగల స్థూపమును, శంకువును దళసరి కాగితముతో చేయుడు. శంకువునిండ ఇసుక పోసి స్థూపములో ఒంపుడు. స్థూపము నిండుటకు ఎన్ని శంకువులు పట్టునని ముందుగా అడిగినచో తరగతిలో చాలమంది రెండు అందురు. వారి ఊహకు కారణమున్నది. దీర్ఘచతురస్రములో అదే భూమి, అదే ఎత్తుగల త్రిభుజము సగము గదా! కాని ఇసుక మూడు శంకువులు పట్టును.

ఈ ఊహ పిల్లలకే వచ్చినదని తలపరాదు. క్రీ. శ. 499నాటి ఆర్యభటీయములో గణితపాదపు ఆరవ శ్లోకము మొదటి భాగమున త్రిభుజ వైశాల్యమునకు సరియైన సూత్రమున్నది. అదే శ్లోకపు రెండవ భాగమున ఆరు అంచులుగల ఘనము, అనగా చతుర్ముఖి, ఘనపరిమాణమునకు అడుగు వైశాల్యమును ఎత్తుతో గుణించి సగము చేయుమని ఉన్నది. ఇది త్రిభుజముతో పోల్చి చేసిన ఊహ, సరియైనది కాదు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతములో కొసదేరిన ఘనమునకు మూడవ వంతు అని సరిగా చెప్పినాడు. భూమి గుండ్రనిదై తిరుగుచున్నదని చెప్పగల మేధావికి కూడ పోలిక దారి తప్పించినది. ఊహను వస్తువుతో సరిచూడవలెననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

మూడవ వంతు ఏల? సమఘనమును మూడు సమాన పిరమిడ్లుగా కోయవచ్చును. సమఘనములో ఒక మూలను ఎన్నుకొనుడు. దానిని తాకని ముఖములు మూడుండును. ఆ మూడు ముఖములు అడుగులుగా, ఎన్నుకొన్న మూల కొసగా మూడు పిరమిడ్లు ఏర్పడును. మూడును ఒకే ఆకారము, ఒకే పరిమాణము గలవి. మూడు కలిసిన సమఘనము నిండును. చీనా దేశమున లియు హుయి 263లో ఇట్టి ముక్కలతోనే ఈ విషయమును వివరించినాడు. దళసరి అట్టతో ఈ మూడింటిని చేసి పిల్లలచేత కూర్పించినచో సూత్రమును వల్లెవేయవలసిన పని ఉండదు. చదునైన ఆకారమునకు రెండు దిక్కులు, అందుచేత సగము. ఘనాకారమునకు మూడు దిక్కులు, అందుచేత మూడవ వంతు – ఇట్లు గుర్తుంచుకొనవచ్చును.

గుంత లెక్క

ఇప్పుడు మన గుంతకు వత్తము. గుంతను నిలువు గోడలతో లోతుగా తవ్విన ఒడ్డు విరిగిపడును. కనుక పంటకుంటలవంటి వాటిని పైన వెడల్పుగాను, అడుగున ఇరుకుగాను వాలు పెట్టి తవ్వుదురు. పైన 4 మీటర్ల చతురస్రము, అడుగున 2 మీటర్ల చతురస్రము, లోతు 3 మీటర్లు గల గుంతను తీసికొందము. తవ్వి పోసిన మట్టికుప్పను కొలిచి లాభములేదు. తవ్విన మట్టి గుల్లబారి ఎక్కువ చోటు ఆక్రమించును. గుంతనే కొలువవలెను. మట్టిపనిలో అక్కడక్కడ తవ్వకుండ దిమ్మలు విడుచుట కూడ మొదటి నేలమట్టము ఎంతవరకుండెనో తెలియుటకే.

ఈ గుంతకు సులభమైన లెక్కలు రెండున్నవి. మొదటిది: పై కొలతకు, అడుగు కొలతకు సగటు 3 మీటర్లు; 3 × 3 × 3 = 27 ఘనమీటర్లు. రెండవది: పై వైశాల్యము 16, అడుగు వైశాల్యము 4, వీని సగటు 10; 10 × 3 = 30 ఘనమీటర్లు. గుంత ఒక్కటే, లెక్కలు రెండు. తవ్వినవాడు ముప్పది అనును, కూలి ఇచ్చువాడు ఇరువదియేడు అనును. నిజమేది?

గుంత ఆకారమును మట్టితో చేసి కోసి చూతము. అడుగు చతురస్రపు నాలుగు భుజముల మీదుగా నిటారుగా కోసినచో తొమ్మిది ముక్కలు వచ్చును. నడుమ దీర్ఘఘనము ఒకటి: 2 × 2 × 3 = 12 ఘనమీటర్లు. దాని నాలుగు పక్కల నాలుగు త్రిభుజ పట్టకములు: ఒక్కొక్క త్రిభుజము వెడల్పు 1, లోతు 3, వైశాల్యము ఒకటిన్నర, పొడవు 2 మీటర్లు, అందుచేత ఒక్కొక్కటి 3, నాలుగును 12 ఘనమీటర్లు. ఇక మిగిలినవి నాలుగు మూలలు. ఒక్కొక్క మూల 1 మీటరు చతురస్రము అడుగుగా, 3 మీటర్లు ఎత్తుగా గల పిరమిడ్. దాని పరిమాణము 1 × 1 × 3లో మూడవ వంతు, అనగా 1 ఘనమీటరు, నాలుగును 4. మొత్తము 12 + 12 + 4 = 28 ఘనమీటర్లు.

రెండు సులభపు లెక్కలును తప్పినవి. ఎక్కడ తప్పినవో కూడ ఈ ముక్కలే చెప్పును. నడిమి దిమ్మ, పక్క పట్టకములు కలిపి 24; దీనిలో తగవు లేదు. తగవంతయు మూలలలోనే ఉన్నది. ముప్పది రావలెనన్న ఒక్కొక్క మూల ఒకటిన్నర ఘనమీటరు కావలెను. అనగా మూలను సగముగా లెక్కించుట. ఆర్యభటీయపు శ్లోకములో చూచిన సగమే ఇది! ఇరువదియేడు రావలెనన్న ఒక్కొక్క మూల ముప్పాతిక ఘనమీటరు. అనగా నాలుగవ వంతుగా లెక్కించుట. నిజము ఈ రెంటికి నడుమ, మూడవ వంతు.

మన పూర్వులకు ఈ తగవు తెలియును. బ్రహ్మగుప్తుడు గుంతల లెక్కలో మొదటి ఫలమును వ్యావహారికమనియు, రెండవదానిని ఔత్రమనియు పేర్కొని, రెంటి భేదములో మూడవ వంతును మొదటిదానికి కలిపిన సూక్ష్మఫలము వచ్చునన్నాడు. మన గుంతకు భేదము 30 – 27 = 3; దానిలో మూడవ వంతు 1; 27 + 1 = 28. సరిగా మనకు వచ్చినదే! తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమునాటి మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో ఈ రెండు ఫలములకు కర్మాంతికము, ఔండ్రము అను పేర్లు పెట్టి ఇదే విధానమును చెప్పినాడు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు చేసినాడు. తెలుగులో మొట్టమొదటి గణితగ్రంథముగా పేరొందినది అదియే. ఇంకను వెనుకకు పోయినచో, క్రీ. పూ. 1850 ప్రాంతపుదని చెప్పబడు ఐగుప్తు దేశపు మాస్కో పపైరసులో అడుగు 4, పైన 2, ఎత్తు 6 గల కొస కోసిన పిరమిడ్ లెక్క ఉన్నది. అందలి జవాబు 56. మన గుంత లోతును రెండింతలు చేసినచో వచ్చునదియు అంతియే.

ఇరువదియేడుకు, ఇరువదియెనిమిదికి తేడా స్వల్పమే గదా అని అనవచ్చును. ఒక ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నుల బరువుండును. అంత మట్టిని గడ్డపారతో పెళ్లగించి, తట్టకెత్తి, గట్టుమీదికి మోసినవారి నడుమునకు ఆ తేడా స్వల్పము కాదు. అట్లని ముప్పది అని వాదించుటయు న్యాయము కాదు. తొమ్మిది ముక్కల లెక్క తెలిసినవాడు ఎవ్వరితోను కలహింపనక్కరలేదు. కొలతల పుస్తకమును చూచి, ఏ మూల ఎంతకు లెక్కించినారో చూపుమని అడిగిన చాలును.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

పైన చెప్పిన మెట్లలో ఏ ఒక్కదానికిని డబ్బు ఖర్చుతో పనిలేదు. మట్టి, దారము, చీపురుపుల్లలు, ఖాళీ పెట్టెలు, ఇసుక – ఇవి లేని ఊరు లేదు. కావలసినది కాలము. పాఠ్యాంశములు పూర్తిచేయవలెనన్న తొందరలో సూత్రమును బోర్డుమీద వ్రాసి లెక్కలలోనికి పోవుట మన పాఠశాలలలో సాధారణము. అట్లు నేర్చిన సూత్రమునకు పదవతరగతి పరీక్షతో పని తీరిపోవును. చిన్న తరగతులలో నాలుగైదు గంటలు పట్టుటకు, విప్పుటకు, కోయుటకు, నింపుటకు ఇచ్చినచో పై తరగతులలో క్షేత్రమితి చెప్పునప్పుడు ఆ కాలము తిరిగి కలిసివచ్చును. జర్మనీలో కిండర్‌గార్టెన్ పద్ధతిని ప్రారంభించిన ఫ్రోబెలు చిన్నపిల్లల చేతికిచ్చిన ఆటవస్తువులలో మొదటిది బంతి; రెండవది చెక్కతో చేసిన గోళము, స్థూపము, సమఘనముల జత. ఆయన బిందువుతో మొదలుపెట్టలేదు.

యంత్రములు ఎన్ని వచ్చినను ఈ వరుస మారదు. నేడు సెల్‌ఫోను తెరమీద సమఘనమును వ్రేలితో త్రిప్పి చూపవచ్చును. అది బోర్డుమీది బొమ్మకంటె మెరుగే. కాని తెరకూడ చదునైనదే. దానికి బరువు లేదు, మూల గుచ్చుకొనదు, ఇసుక పట్టదు. ముందు మట్టితో చేసినవానికే అది ఉపకరించును.

విద్యార్థులకు ఒక లెక్క. పైన 5 మీటర్ల చతురస్రము, అడుగున 2 మీటర్ల చతురస్రము, లోతు 2 మీటర్లు గల గుంతను తొమ్మిది ముక్కలుగా కోసి ఘనపరిమాణము కనుగొనుడు. తరువాత బ్రహ్మగుప్తుని పద్ధతిలో చేసి సరిచూచుకొనుడు. కొలతల సగటుతో చేసిన 24½ వచ్చును, వైశాల్యముల సగటుతో చేసిన 29 వచ్చును. నిజమైన జవాబు ఈ రెంటి నడుమనుండు ఒక పూర్ణసంఖ్య. అది తేలిన పిమ్మట మీ ఊరి పొలములో తవ్విన కుంట ఏదైన ఉన్నచో టేపు పట్టుకొని పోయి దానిని కొలువుడు.